పేపర్ రాసేది ఒకరు, పైన పేర్లు వేరేవాళ్లవి: మెడికల్ రైటర్ ఎక్కడ నిలబడాలి?

లంకలమ్మాయి (అంబాజీపేట) – శనివారం ఉదయం

అందరికీ నమస్కారమండి. నేను ఎం.ఫార్మసీ చేశాను. హైదరాబాద్‌లో మెడికల్ రైటర్‌గా చేరి, లాక్‌డౌన్‌లో ఊరొచ్చేశాక ఇక్కడినుంచే ఆ పని చేసుకుంటున్నాను. డాక్టర్ల పరిశోధనలు, కంపెనీల ట్రయల్ ఫలితాలు జర్నల్‌కి వెళ్లే రూపంలో రాయడం నా ఉద్యోగం. మా వీధిలో మాత్రం "ఆ అమ్మాయి కంప్యూటర్లో మందుల గురించి ఏదో రాస్తుందంట" అనుకుంటారు. అది అబద్ధమూ కాదు.

ఇప్పుడు రెండు పనులు ఒకేసారి వచ్చాయి. మొదటిది ఒక ఏజెన్సీ ద్వారా వచ్చింది. షుగర్ మందు మీద రివ్యూ ఆర్టికల్ (ఇదివరకు వచ్చిన స్టడీల సారం చెప్పే వ్యాసం) రాయాలి. ఏ పేరాలో ఏ స్టడీ చెప్పాలి, ఏది చెప్పక్కర్లేదు, ముగింపు ఎలా ఉండాలి అన్నీ అవుట్‌లైన్‌లో రాసి పంపారు. ఆథర్ల పేర్ల దగ్గర "తర్వాత ఖరారవుతుంది" అని ఉంది. నా పేరు గానీ, మందు కంపెనీ డబ్బిస్తున్న సంగతి గానీ ఎక్కడా కనిపించకూడదని మెయిల్‌లోనే చెప్పేశారు.

రెండోది ఇక్కడి ఒక ప్రొఫెసర్‌గారిది. వార్డులో ఏళ్ల తరబడి పోగుచేసిన డేటా ఉంది, రాసే తీరిక లేదు. "నువ్వు రాయమ్మా, నీ పేరు కూడా ఆథర్లలో పెట్టేస్తాను" అన్నారు.

ఒకరు నా పేరు అస్సలు వద్దంటున్నారు, ఒకరు అక్కర్లేని చోట పెడతానంటున్నారు. రెండిట్లో ఏది తప్పు? రెండూ తప్పేనా?

గోదారోడు (రావులపాలెం)

డబ్బులిస్తున్నారుగా చెల్లెమ్మా, పేరెందుకు? పెళ్లి శుభలేఖ రాసినోడి పేరు శుభలేఖ మీద ఉంటుందా ఏంటి?

డాక్టరు భీమవరం

గోదారోడుగారూ, శుభలేఖ చదివి ఎవరూ మందు రాయరండి. పేపర్ చదివి నేను రాస్తాను, అది మీరు మింగుతారు.

అమ్మా, ముందు నీ వృత్తి గురించి ఒక మాట. మా డాక్టర్లలో చాలామందికి రైటర్ అంటే చిన్నచూపు ఉంది, అది అన్యాయం. ఓపీ చూసి, రౌండ్స్ చేసి, రాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తేవాడు ఇంగ్లిష్‌లో మూడువేల పదాలు కుదురుగా రాయలేడు. పైగా జర్నల్ అడిగేవి ఒకటా రెండా? రాండమైజ్డ్ ట్రయల్ (ఎవరికి ఏ మందో లాటరీలా తేల్చేది) అయితే, ఏమేం చెప్పాలో జాబితా వేసిన కన్సార్ట్ చెక్‌లిస్ట్ ప్రకారం పోవాలి. 2025లో దాన్ని సవరించాక 30 అంశాలయ్యాయి. ఎంతమందిని చేర్చుకున్నారు, మధ్యలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు, సైడ్ ఎఫెక్ట్స్ ఎలా లెక్కపెట్టారు అన్నీ చెప్పాలి. మేం రాస్తే అందులో సగం మర్చిపోతాం. 2016లో బీఎంజే ఓపెన్ అనే వైద్య జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. రైటర్ సాయం తీసుకున్నామని బాహాటంగా చెప్పిన ట్రయల్ పేపర్లలో ఈ వివరాలు మిగతావాటికంటే మెరుగ్గా ఉన్నాయని తేలింది. కాబట్టి రైటర్‌ని పెట్టుకోవడం తప్పు కాదు, దాచడమే తప్పు. ప్రొఫెసర్‌గారి పని నిశ్చింతగా చెయ్యి. ఏజెన్సీది వదిలెయ్.

లెక్కల తాత (కాకినాడ)

నేను రిటైరైన స్టాటిస్టీషియన్‌ని. డాక్టరుగారు చెప్పిన "దాచడమే తప్పు" అన్నది సగం వరకు ఒప్పుకుంటాను. మిగతా సగానికి స్టడీ 329 కథ చెప్పాలి.

డిప్రెషన్ ఉన్న 275 మంది టీనేజి పిల్లల మీద పారోక్సెటిన్ అనే మందు ట్రయల్ అది. 2001లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యానికి సంబంధించిన పేరున్న జర్నల్‌లో అచ్చయింది. ఆథర్లు 22 మంది. మందు పనిచేస్తుంది, పిల్లలు బాగానే తట్టుకుంటున్నారు అని ముగింపు. నిజానికి ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ఎలా చేయాలో రాసుకున్న ప్రణాళికలో, ముందుగా రాసుకున్న రెండు ప్రధాన కొలమానాల్లోనూ డమ్మీ మాత్రకీ మందుకీ తేడా రాలేదు. తర్వాత చేర్చిన కొలమానాలు కొన్ని అనుకూలంగా కనబడితే వాటిని ముందుకి తెచ్చారు.

తొలి చిత్తుప్రతి రాసింది కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న రైటర్ అని తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ రైటర్ పేరు పేపర్ చివర ఉంది! "ఎడిటోరియల్ అసిస్టెన్స్" ఇచ్చారని చిన్నగా రాసి ఉంది. కామాలూ ఫుల్‌స్టాపులూ సరిచేసినట్టు. అంటే పేరు వేసి కూడా దాచొచ్చన్నమాట.

2015లో వేరే బృందం అసలు డేటా తెప్పించుకుని మళ్లీ లెక్కవేసి బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ప్రచురించింది. మందు పని చేయలేదు, ఆత్మహత్య ఆలోచనల వంటి హాని ఎక్కువగా ఉంది అని తేలింది. మధ్యలో పద్నాలుగేళ్లు ఎంతమంది పిల్లలకి ఆ మందు రాశారో లెక్క ఎవడు కడతాడు?

లంకలమ్మాయి

తాతగారూ, ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. "ఎడిటోరియల్ సపోర్ట్" అనే మాట నేను చాలా పేపర్లలో చూశాను. కొన్నిట్లో మొత్తం చిత్తుప్రతి మావాళ్లే రాశారని నాకు తెలుసు.

ఇంకో అనుమానం. పారోక్సెటిన్ పేపర్ రాసిన ఆవిడ అబద్ధం రాసిందా, లేక ఇచ్చిన టేబుల్స్ ప్రకారమే రాసిందా? ఎందుకంటే మాకు చాలాసార్లు అసలు డేటా ఇవ్వరు. ఫలితాల టేబుల్స్ మాత్రమే ఇస్తారు.

లెక్కల తాత (కాకినాడ)

ఆవిడ మనసులో ఏముందో మనకి తెలియదమ్మా. కానీ రైటర్ అడగాల్సిన మూడు కాగితాలున్నాయి: ప్రోటోకాల్, స్టాటిస్టికల్ ఎనాలిసిస్ ప్లాన్ (లెక్కలు ఎలా కట్టాలో ముందే రాసుకున్నది), మొత్తం టేబుల్స్. ప్రోటోకాల్‌లో ప్రధాన కొలమానం ఏదని రాశారో, పేపర్‌లో అదే ఉందో లేదో నువ్వే పోల్చి చూసుకోవచ్చు. మన దేశంలో జరిగిన ట్రయల్ అయితే సీటీఆర్ఐ (మన దేశపు ట్రయల్స్ నమోదు పట్టిక) వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఎవర్నీ అడగక్కర్లేదు, నువ్వే తెరిచి చూసుకో. ఆ మూడు కాగితాలూ ఇవ్వనన్నవాడి పని మానుకో.

పీజీ కష్టాలు

అందరూ కంపెనీలనే తిడుతున్నారు. మా కాలేజీల్లో జరిగేదో?

నేను ఎండీ సెకండియర్. (ఏ కాలేజీ అని అడక్కండి ప్లీజ్.) నా థీసిస్ కోసం రాత్రుళ్లు వార్డులో కూచుని ప్రతి పేషెంట్ ప్రొఫార్మా నేనే నింపాను. పేపర్ పంపేటప్పుడు చూస్తే నా పేరు నాలుగోది. నా పైన ఉన్న ముగ్గురిలో ఒకరు ఆ డేటా షీట్‌ని కనీసం తెరవలేదు. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి, అది కూడా మొదటి పేర్లలో ఉంటేనే లెక్క. అందుకని సర్దుకుపోతాం. ఇప్పుడు కొందరు థీసిస్‌లే డబ్బిచ్చి రాయించుకుంటున్నారు, వాట్సాప్‌లో రేట్లతో సహా మెసేజ్‌లు వస్తాయి.

లంకలమ్మాయిగారూ, అలాంటివాళ్లకీ మీకూ తేడా ఏంటని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? వెక్కిరింపు కాదండి, నిజంగానే అడుగుతున్నా.

లంకలమ్మాయి

వెక్కిరింపు అనుకోలేదండి. థీసిస్ అంటే ఆ విద్యార్థికి పరిశోధన చేయడం, రాయడం వచ్చా అని పెట్టే పరీక్ష. పరీక్ష ఇంకొకరు రాస్తే మోసం. జర్నల్ పేపర్ పరీక్ష కాదు, జరిగిందేదో పదిమందికీ చెప్పడం. అందులో సాయం తీసుకోవచ్చు. నాకూ వచ్చాయి థీసిస్ మెసేజ్‌లు. చేయనన్నాను.

మాస్టారు (పాలకొల్లు)

ఆలస్యంగా చూశాను. పేరు ఎవరిది, పని ఎవరిది అనే మాట వస్తే మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ఎలా ఉంటాం? 1925లో అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దానికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, సంతోషం. కానీ తర్వాత ఆయన చేసిన కొంత పనిని ఫిస్క్ అసూయతో వెలుగులోకి రానివ్వలేదనీ, దాన్ని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అంతటివాడు చెప్పాడు. లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల రక్త క్యాన్సర్‌కి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించాడు. ఆ చరిత్రాత్మకమైన పేపర్ ఆథర్లలో సుబ్బారావు పేరు లేదు.

మనకి మరీ దగ్గరిది ఇంకోటుంది. మన జిల్లాల్లో బోదకాలు చూడని ఊరు లేదు కదా. ఏటా ఇంటింటికీ వచ్చి మింగించేవారే, ఆ డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పనే. 1947 నాటి పేపర్‌లో ఆథర్ల వరసలో ఆయన పేరు ఆఖర్న ఉంది. మన కాలవగట్ల మీద ఆ మాత్ర మింగినవాళ్లలో ఎంతమందికి అది తెలుసు?

డాక్టరు భీమవరం

మాస్టారూ, మా ఊరివాడి గురించి చెబితే నాకు గర్వమే. అయినా ఒక్క అభ్యంతరం. ఫార్బర్ పేపర్‌లో మందు తయారుచేసినవాళ్ల పేరు లేకపోవడం, కంపెనీ రైటర్‌ని దాచడం ఒకటి కాదు. ఫార్బర్ తన రోగుల మీద తను చూసింది రాశాడు, తన పేరు పెట్టుకున్నాడు. అక్కడ పాఠకుడు మోసపోలేదు. సుబ్బారావుగారికి దక్కాల్సిన పేరు దక్కలేదేమో, అది వేరే బాధ.

మాస్టారు (పాలకొల్లు)

వేరే అని తేలిగ్గా అనేశారు. పని చేసినవాడి పేరు ఎగరగొట్టడానికి అలవాటు పడ్డ చేతులే, చేయనివాడి పేరు ఎక్కించడానికీ అలవాటు పడతాయండి. పైన పీజీ బాబు చెప్పింది చదవలేదా?

దస్తూరి (అమలాపురం)

నేను డాక్టర్నీ కాదు, ఫార్మా వాడినీ కాదు. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాస్తుంటాను, మా నాన్నగారూ అదే పని. మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోందని ఈ చర్చల్లోకి వస్తుంటాను.

పొలం నాది కాదు, అమ్మేది నేను కాదు, కొనేది నేను కాదు. అయినా దస్తావేజు ఆఖర్న "దస్తూరి" అని నా పేరు ఉంటుంది. రేపు కోర్టుకెళితే, ఇది ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు, చదివి వినిపించారా అని అడుగుతారు. మాకు పేరు పడ్డం గౌరవం కోసం కాదు, జవాబుదారీ కోసం. మీ పేపర్లలో ఆ ఒక్క వాక్యం రాయడానికి ఇంత గొడవేంటండి?

గోదారోడు (రావులపాలెం)

నా శుభలేఖ వెనక్కి తీసుకుంటున్నా. బాబాయ్‌గారి మాట బాగుంది.

లెక్కల తాత (కాకినాడ)

బాగుంది. కానీ అక్కడ ఇంకోటి ఉంది చూడండి. మీ దగ్గర అమ్మేవాడు స్వయంగా సబ్ రిజిస్ట్రార్ ముందు నిలబడి "అవును, ఇది నేనే రాయించాను" అని ఒప్పుకుని వేలిముద్ర వేస్తాడు. పేపర్ల విషయంలో ఆ మనిషిని ఎవరూ అలా నిలబెట్టి అడగరు. జర్నల్ ఎడిటర్ల సంఘం, అదే ఐసీఎంజేఈ, నాలుగు షరతులు పెట్టింది: స్టడీ రూపకల్పనలోనో డేటాలోనో గట్టి పాత్ర ఉండాలి, రాయడంలో లేదా లోతుగా సవరించడంలో చెయ్యి ఉండాలి, ఆఖరి ప్రతిని ఆమోదించాలి, తర్వాత ఏ ప్రశ్న వచ్చినా బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. నాలుగోది 2013లో చేర్చారు. ఇవన్నీ చేశామని ఆథర్లు ఫారం మీద సంతకం పెడతారు, అంతే. చేశారో లేదో చూసేవాడు లేడు.

కాబట్టి లంకలమ్మాయీ, ప్రొఫెసర్‌గారు ప్రేమగా ఇస్తానన్న ఆథర్ స్థానం ఇప్పటికి నీకు రాదు. రాయడం ఒక్కటే చేస్తే అక్నాలెడ్జ్‌మెంట్‌లో (పేపర్ చివర సాయం చేసినవాళ్లని చెప్పే చోట) ఉండాలి. డేటాని విశ్లేషించి అర్థం చెప్పడంలో కూడా నీ చెయ్యి నిజంగా ఉంటే, అప్పుడు ఆథర్‌గా అడిగే హక్కు ఉంది. రైటర్ అయినందుకు ఆథర్ కాకూడదని ఎక్కడా లేదు.

ఫార్మా మాజీ (రాజమండ్రి)

నేను కంపెనీలో మెడికల్ అఫైర్స్‌లో చేసి బయటికొచ్చాను. లోపలి సంగతి చెబుతాను. అందరినీ ఒకే గాటన కట్టొద్దని కూడా చెబుతాను.

పాత పద్ధతి ఇలా ఉండేది. మందు మార్కెట్లోకి రాకముందే ఏ ఏ పేపర్లు రావాలో ప్లాన్ తయారవుతుంది. రైటింగ్ ఏజెన్సీ రాస్తుంది. ఆ తర్వాత పేరున్న డాక్టర్‌ని వెతుకుతారు. వయాక్స్ అనే నొప్పుల మందు మీద కోర్టు కేసుల్లో బయటపడ్డ కాగితాలు పరిశీలించి 2008లో జామా అనే అమెరికా వైద్య జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. ఒక చిత్తుప్రతిలో మొదటి ఆథర్ పేరుండాల్సిన చోట "బయటి ఆథర్?" అని ప్రశ్నార్థకం ఉంది. లంకలమ్మాయిగారి మెయిల్‌లో "తర్వాత ఖరారవుతుంది" అని చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

వయెత్ కంపెనీ హార్మోన్ మాత్రలది ఇంకా పెద్దది. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి ఆ మాత్రలు మంచివని చెప్పే 26 పేపర్లు 1998, 2005 మధ్య రైటింగ్ కంపెనీ సాయంతో తయారైనట్టు 2009లో అమెరికా కోర్టు విడుదల చేసిన కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు బయటపెట్టమని ఒక జర్నల్, ఒక దినపత్రిక కోర్టుని అడిగితే వచ్చాయి. కొన్ని వ్యాసాలకి ఒక్కోదానికి 25,000 డాలర్లు ఇచ్చారు. ఈ వ్యవహారం మధ్యలోనే, 2002లో, ప్రభుత్వం డబ్బుతో జరిగిన పెద్ద ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం పెరుగుతున్నాయని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన విభాగాన్ని గడువుకి ముందే ఆపేశారు.

తర్వాత మార్పు వచ్చింది. గుడ్ పబ్లికేషన్ ప్రాక్టీస్ అని 2003లో మొదలై 2022లో మళ్లీ సవరించిన నియమాలున్నాయి. రాత మొదలవకముందే ఆథర్లెవరో తేలాలి, వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, డేటా వాళ్ల చేతికి రావాలి, ఆథర్‌గా ఉన్నందుకు డబ్బివ్వకూడదు, రైటర్ పేరూ డబ్బు ఎవరిచ్చారన్నదీ పేపర్‌లో చెప్పాలి. పెద్ద కంపెనీలు చాలావరకు ఇది పాటిస్తున్నాయి, నేను కళ్లారా చూశాను. ఆ ఏజెన్సీ పాటించడం లేదు. మెయిల్ చాలు సాక్ష్యానికి, డిలీట్ చేయకండి.

కోటిపల్లి రేవు

అయ్యా, ఇందాక వయాక్స్ అన్నారు, అది రోఫికాక్సిబ్ మాత్రే కదా? మా అమ్మ మోకాళ్ల నొప్పులకి అప్పట్లో వాడింది. 2004లో నిషేధించారని మెడికల్ షాపాయన చెబితే ఆపేసింది. ఏం కాలేదు, దేవుడి దయ. నాకు తెలియక అడుగుతున్నా, రైటర్ పేరు వేసుంటే ఆ మందు ప్రమాదం ముందే తెలిసేదా?

లెక్కల తాత (కాకినాడ)

ఈ చర్చలో అందరికంటే మంచి ప్రశ్న మీరే అడిగారు. తెలిసేది కాదండి.

వయాక్స్ మీద ముఖ్యమైన ట్రయల్ పేపర్ 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఎనిమిదివేల మంది పేషెంట్లు. కంపెనీ ఉద్యోగులు ఆథర్లలో బాహాటంగానే ఉన్నారు, దాపరికం లేదు. అయినా ఆ మందు వాడినవాళ్లలో వచ్చిన మూడు గుండెపోట్లు ఆ లెక్కలో లేవు. ఆ సంగతి మీద జర్నల్ 2005 డిసెంబర్‌లో ఆందోళన వెలిబుచ్చింది. అప్పటికి మందు మార్కెట్ నుంచి పోయి ఏడాది దాటింది. పేర్లన్నీ సరిగ్గా ఉండి, అంకెలు సగం ఉంటే పేషెంట్‌కి ఒరిగేదేమీ లేదు. అందుకే నేను మొదటినుంచీ ఆ మూడు కాగితాలు అంటున్నాను. డాక్టరుగారు "దాచడమే తప్పు" అన్నారు. దాచేది పేరొక్కటే అనుకుంటే తక్కువ అంచనా వేసినట్టు.

డాక్టరు భీమవరం

ఒప్పుకున్నాను తాతగారూ. కానీ అంత బరువు రైటర్ నెత్తిన పెడితే ఎలా? ఆ అమ్మాయి పనొస్తేనే డబ్బు చూసేది. అంకెలు పూర్తిగా ఉన్నాయో లేదో చూడాల్సింది ముందు ఆథర్లు, తర్వాత జర్నల్.

దస్తూరి (అమలాపురం)

నేనూ నెలంతా పనొస్తేనే తింటానండి. అయినా సర్వే నంబరు తేడాగా ఉంటే రాయను. పక్క బల్ల మీద రాయించుకుంటారు, రాయించుకోనీ.

పీజీ కష్టాలు

పక్క బల్ల ఇప్పుడు చాట్‌బాట్ అయిపోయిందండి బాబాయ్‌గారూ. మా బ్యాచ్‌లో సగం మంది డిస్కషన్ సెక్షన్ దానితోనే రాయిస్తున్నారు. ఐసీఎంజేఈ 2023లో దాని మీద కూడా చెప్పింది. ఆథర్‌గా పెట్టకూడదు, వాడితే ఎక్కడ వాడామో చెప్పాలి. మావాళ్లు ఒక్కరూ చెప్పట్లేదు.

గోదారోడు (రావులపాలెం)

దానికైతే టెన్షన్ లేదు, ఏ సర్వే నంబరైనా రాసేస్తుంది.

లంకలమ్మాయి – సోమవారం రాత్రి

అందరికీ థాంక్సండి. ఏజెన్సీకి ఈరోజు మెయిల్ పెట్టాను. ఆథర్లెవరో తేలి, వాళ్లు నాతో మాట్లాడి అవుట్‌లైన్ వాళ్లదేనని చెబితే, నా పేరూ కంపెనీ పేరూ అక్నాలెడ్జ్‌మెంట్‌లో వేస్తే రాస్తానన్నాను. ఎవరి మీదా నింద వేయలేదు, గుడ్ పబ్లికేషన్ ప్రాక్టీస్ ప్రకారం అడుగుతున్నాను అన్నాను. గంటలో జవాబొచ్చింది: "ఈ ప్రాజెక్టుకి వేరే రైటర్‌ని చూసుకుంటాం." అంతే. ఇంకో పని ఇస్తారో లేదో తెలియదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ప్రొఫెసర్‌గారి పేపర్ చేస్తున్నాను. ఆథర్‌గా వద్దని చెబితే "ఇదేంటమ్మా, అందరూ అడుక్కుంటుంటే నువ్వు వద్దంటావ్" అని నవ్వారు. అక్నాలెడ్జ్‌మెంట్‌లో ఏం రాయాలో ఎవరైనా చెబుతారా?

ఫార్మా మాజీ (రాజమండ్రి)

ఇలా రాయండి, ఇంగ్లిష్‌లోకి మీరే మార్చుకోగలరు: "ఈ వ్యాసం తొలి చిత్తుప్రతిని ఆథర్ల సూచనల మేరకు ఫలానావారు (ఎం.ఫార్మసీ, మెడికల్ రైటర్) రాశారు. అందుకు ఫలానావారు పారితోషికం చెల్లించారు." "ఎడిటోరియల్ అసిస్టెన్స్" అనే మాట మాత్రం వద్దు. రాశారు అంటే రాశారు అనే ఉండాలి. మీ పేరు వేయడానికి మీ అనుమతి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, జర్నల్ అడగొచ్చు. డబ్బు ప్రొఫెసర్‌గారే జేబులోంచి ఇస్తుంటే ఆ సంగతి కూడా అలాగే వేయించండి.

మీకు పని కావాలంటే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. పద్ధతిగా చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు.

లెక్కల తాత (కాకినాడ)

ఆ డేటా గురించి ఒక్కటి అడుగుతాను. ప్రధాన కొలమానం ఏదన్నది ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో రాసి ఉందా? లేక డేటా చూశాక ఏది బాగా వచ్చిందో అది పెడుతున్నారా?

లంకలమ్మాయి

అడిగానండి తాతగారూ. ఎథిక్స్ కమిటీ అప్రూవల్ ఉంది, లెటర్ చూశాను. ప్రోటోకాల్ మాత్రం డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉందట. తాళం హెచ్‌ఓడీగారి దగ్గరుందట. అది చేతికొచ్చేదాకా రిజల్ట్స్ సెక్షన్ మొదలుపెట్టనని చెప్పేశాను.

పీజీ కష్టాలు

అయితే హెచ్‌ఓడీగారి పేరు ఆథర్లలో ఖాయం. తాళం ఇచ్చారు కదా.